తొమ్మిదో తరగతి చర్చ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వచ్చే నెల తొమ్మిదో తరగతి చర్చకు పిల్లలు తమంతట తామే ఒక అంశం ఎంచుకున్నారు: మనిషి ప్రగతికి, సహనానికి మతం తోడ్పడిందా, అడ్డుపడిందా? సంగతి తెలియగానే కొందరు ఫోన్ చేశారు. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మేడమ్, రేపు పూజ దగ్గర కూర్చోనంటే ఏం చెయ్యాలి?" అని ఒక అమ్మ అడిగారు. తమ మతాన్ని పదిమందిలో తక్కువచేసి మాట్లాడితే అబ్బాయి తట్టుకోలేడని ఒక నాన్నగారి టెన్షన్. ఇద్దరి భయమూ న్యాయమైనదే. అందుకే పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ లేఖంతా దీని గురించే రాస్తున్నాను.

చర్చ ఆపడం లేదు. అయితే ఒక నియమం పెట్టాం. మాట్లాడే ప్రతి ఒక్కరూ తమ ఇంటి మతం పేరుతో జరిగిన ఒక అన్యాయం, వేరే మతంవాళ్ళు చేసిన ఒక మేలు చెప్పి తీరాలి. దేవుణ్ణి నమ్మని ఇంటి పిల్లలు నమ్మేవాళ్ళు చేసిన మంచి ఒకటి చెప్పాలి. ఎదుటివాళ్ళ తప్పులు ఏకరువు పెట్టడం ఎవరికైనా వచ్చు, దానికి బడి అక్కర్లేదు.

మన రాజమహేంద్రవరం పిల్లలు దీనికోసం దూరం వెళ్ళనక్కర్లేదు. 1881 డిసెంబర్ 11న వీరేశలింగం పంతులుగారు ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ళు గడిచినా ఇక్కడ ఆ పెళ్ళి చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అడ్డు చెప్పినవాళ్ళు శాస్త్రం పేరు చెప్పారు. పంతులుగారు కూడా ఆ శాస్త్రాన్నే పట్టుకున్నారు. బెంగాల్‌లో విద్యాసాగర్ పరాశర స్మృతిని చూపించినట్టే ఈయనా గ్రంథాలు ముందుపెట్టి పండితులతో వాదించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఆ ఇంటి గడప తొక్కడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారు. పంతులుగారి ఉపన్యాసాలు మన పాఠాల్లో ఉన్నాయి. ఆవిడ మోసిన నీళ్ళ గురించి కూడా పిల్లలకు తెలియాలని నా కోరిక.

ఆ పెళ్ళిలో మతం ఏ పక్షాన ఉన్నట్టు? రెండు పక్షాలా ఉంది. అలాగని ఏదీ తేల్చకుండా తప్పించుకోను. ప్రశ్న అడిగినవాణ్ణి వెలివేసే అధికారం మతం చేతికి చిక్కిన ప్రతిచోటా మనిషి నష్టపోయాడని నా నమ్మకం. 1633లో రోమ్‌లో భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న మాటను గెలీలియో చేత వెనక్కి తీసుకునేలా చేసింది క్యాథలిక్ చర్చికున్న ఆ అధికారమే. అదే చర్చికి చెందిన మఠంలో మెండెల్ అనే సన్యాసి బఠానీ మొక్కలు పెంచుతూ వంశపారంపర్య సూత్రాలు కనుక్కున్నాడు, ఎవరూ అడ్డుపడలేదు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేసిన కాటన్ దొర గట్టి క్రైస్తవ భక్తుడు. ఆయన్ని భగీరథుడని తలుచుకుంటూ గోదావరిలో స్నానం చేసేవాళ్ళు, పుష్కరాల్లో ఆయనకు పిండప్రదానం చేసినవాళ్ళు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఆయన మతం ఏమిటని వాళ్ళు అడగలేదు.

సహనం గురించి పిల్లలకు నేను తప్పక చెప్పదలచుకున్నది నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కథ. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడలో ఆయన అధ్యాపక ఉద్యోగం పోయింది. తర్వాత రోజుల్లో ఆయన్ని తన ఆశ్రమం సేవాగ్రామ్‌లో కూర్చోబెట్టుకుని ఓపికగా మాట్లాడినవాడు రామనామం వదలని గాంధీగారు. గోరాగారి కూతురికి, ఒక దళిత యువకుడికి ఆశ్రమంలో పెళ్ళి జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. దేవుడి పేరు తీసేసి సత్యం పేరిట జరిపిస్తానన్నారు. ఆ పెళ్ళి చూడకుండానే ఆయన హత్యకు గురయ్యారు. 1948 మార్చిలో అది సేవాగ్రామ్‌లోనే జరిగింది. 1934 బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నదీ ఈ గాంధీగారే. అది అశాస్త్రీయమని టాగూర్ బహిరంగంగా ఖండించారు. ఉద్దేశం ఎంత గొప్పదైనా ఆ మాట తప్పే, నేను టాగూర్ పక్షమే. ఒక మహానుభావుడి మాటను గౌరవం తగ్గకుండా ఎలా కాదనవచ్చో పిల్లలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

ఇంట్లో మీ నుంచి కోరేది ఒకటే. పిల్లలు వచ్చి "మన మతం పేరుతో జరిగిన అన్యాయం ఏమిటి?" అని అడిగితే కసరకండి. నానమ్మ, అమ్మమ్మలను అడగమనండి. చిన్నప్పుడే భర్త పోయిన మేనత్త ఏ శుభకార్యంలోనూ హాలులోకి రాకుండా వెనక గదిలోనే ఉండిపోయేదని ఒక అమ్మాయికి వాళ్ళ నానమ్మ చెప్పారట. ఆ అమ్మాయి అది రాసుకొచ్చి చూపించింది. ఆడపిల్లలను దేవుడికి అంకితం చేసే జోగిని ఆచారాన్ని నిషేధించిన 1988 చట్టం గురించి మాట్లాడతామని ఇంకో జట్టు అడిగింది. దానికి సోషల్ టీచర్ దగ్గరుండి సాయం చేస్తున్నారు.

పూజ మానేస్తారేమోనన్న అమ్మగారికి: ఏం నమ్మాలో, ఏం మానాలో బడి చెప్పదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలను మతబోధకు హాజరు కమ్మని ఒత్తిడి చెయ్యకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుల విధి అని 51ఏ అధికరణం చెబుతోంది. మేము రెండింటికీ కట్టుబడి ఉన్నాం.

చర్చ వచ్చే నెల మూడో శనివారం ఉదయం 10 గంటలకు. మీరు వెనక వరుసల్లో కూర్చుని వినవచ్చు, మధ్యలో మాట్లాడకూడదు. హాల్లోకి ఫోన్లు తేవద్దు. ఒక పిల్ల మాటలోంచి అర నిమిషం ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. పాల్గొనడం ఇష్టంలేని పిల్లలు ఆ గంట లైబ్రరీలో ఉండవచ్చు, మార్కులేమీ తగ్గవు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అందరినీ వీరేశలింగంగారి ఇల్లు చూపించడానికి నడిపించుకు వెళ్తాం. అనుమతి పత్రం ఈ లేఖతో జతచేశాం, శుక్రవారంలోగా సంతకం చేసి డైరీలో పెట్టి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు