సజన్ ప్రకాశ్ ఈత, ఒక ఇంటి ఓపిక

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచినప్పటి నుంచి నన్ను కలవడానికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఈత గురించే అడిగారు. వేసవి సెలవుల్లో సరదాగా ఈత నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు పోటీలకు వెళ్తామంటున్నారు; పంపాలా వద్దా, పంపితే చదువు దెబ్బతింటుందా, ఎన్నేళ్ళకు ఫలితం తేలుతుంది అన్నవి వారి సందేహాలు. మొదటి రెండింటికీ జవాబు ఒక్కో బిడ్డకు ఒక్కో విధంగా ఉంటుంది. మూడోదానికి మాత్రం ఎదురుగా కూర్చొని చెప్పే నాలుగు మాటలు చాలవనిపించి, ఈ నెల వార్తాలేఖను మన దేశపు ఈతగాడు సజన్ ప్రకాశ్ జీవితానికి కేటాయిస్తున్నాను. అతని మెడలో ఒలింపిక్ పతకం లేదు. అయినా ఒక క్రీడలో పైమెట్టుకు చేరడానికి ఎంత కాలం పడుతుందో, ఆ కాలమంతా ఇంటివాళ్ళు ఏం చేయవలసి వస్తుందో తెలుసుకోవడానికి అతని కథ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

సజన్ 1993లో కేరళలోని ఇడుక్కి జిల్లాలో పుట్టాడు. తల్లి శాంతిమోళ్ ఒకప్పటి పరుగు పందేల క్రీడాకారిణి. తమిళనాడులోని నైవేలి లిగ్నైట్ సంస్థలో ఉద్యోగం చేస్తూ ఆమె కొడుకును ఒంటరిగా పెంచింది. సజన్ ఈత మొదలుపెట్టింది ఆ నైవేలిలోనే. క్రీడాకారిణిగా బతికిన తల్లికి కొన్ని విషయాలు ఎవరూ చెప్పనవసరం లేదు: తెల్లవారకముందే లేవడం అంటే ఏమిటో, ఒక పోటీలో ఓడిన బిడ్డతో ఆ సాయంత్రం ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఆమెకు స్వానుభవంతో తెలుసు. తరువాత పై స్థాయి శిక్షణ కోసం అతడు బెంగళూరు చేరి, బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్‌లో కోచ్ ఎస్. ప్రదీప్ కుమార్ దగ్గర సాధన చేశాడు. ప్రదీప్ కుమార్ ద్రోణాచార్య పురస్కారం అందుకున్న శిక్షకుడు. ఆ గురుశిష్యుల బంధం మధ్యలో దూరమై, మళ్ళీ అత్యంత క్లిష్టమైన సమయంలో కలిసిన తీరు ముందుకు వెళ్ళాక చెబుతాను.

సజన్ ఎంచుకున్న అంశం 200 మీటర్ల బటర్‌ఫ్లై. టీవీలో చూసేవారికి అది నాలుగు ఈతల్లోనూ అందమైనదిగా కనిపిస్తుంది. ఈదేవారికి మాత్రం అంత కష్టమైనది ఇంకొకటి లేదు. రెండు చేతులూ ఒకేసారి నీళ్ళపైకి లేచి ముందుకు పడాలి, రెండు కాళ్ళూ కలిపే తన్నాలి, 50 మీటర్ల కొలనులో ప్రతి చివరా గోడను రెండు చేతులతో ఒక్కసారే తాకాలి. దూకిన తరువాతా, ప్రతి మలుపు తరువాతా నీటి అడుగున 15 మీటర్లకు మించి పోకూడదు. ఆలోగా తల పైకి రావాలి. మొత్తం నాలుగు పొడవులు, మూడు మలుపులు. మొదటి వంద మీటర్లలో ఎవరికైనా ఊపు ఉంటుంది. మూడో పొడవులో భుజాలు బరువెక్కుతాయి. నాలుగో పొడవులో నడుము కిందికి దిగిపోతుంది, చేతులు నీళ్ళు దాటి పైకి రావడానికి మొరాయిస్తాయి, ఊపిరి కోసం తల ఎత్తిన ప్రతిసారీ మెడ మీద భారం పడుతుంది. ఆ చివరి 50 మీటర్లను నిలబెట్టుకోవడానికే ఈతగాళ్ళు ఏళ్ళ తరబడి ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట కిలోమీటర్ల కొద్దీ ఈదుతారు. మెడ సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

2015లో కేరళలో జరిగిన జాతీయ క్రీడల్లో సజన్ ఆరు స్వర్ణాలు, మూడు రజతాలు గెలిచి దేశమంతా తెలిసినవాడయ్యాడు. మరుసటి సంవత్సరం రియో ఒలింపిక్స్‌కు వెళ్ళి 28వ స్థానంలో నిలిచాడు. అయితే ఆ రియో ప్రవేశం ఎలా దక్కిందో మనం గమనించాలి. ఒలింపిక్ ఈత పోటీలకు ప్రపంచ ఈత సమాఖ్య ఒక కఠినమైన కాలపరిమితి పెడుతుంది. దానిని 'ఎ' అర్హత సమయం అంటారు. దానిని అందుకున్నవారు ఎవరి దయా లేకుండా నేరుగా వెళ్తారు. ఆ విధంగా ఎవరూ అర్హత పొందని దేశాలకు, ప్రపంచమంతా పాల్గొనాలన్న ఉద్దేశంతో, ఒక పురుషుడికీ ఒక మహిళకూ అవకాశం ఇస్తారు. సజన్ రియోకు వెళ్ళింది ఆ రెండో దారిలో. అప్పటివరకు మన ఈతగాళ్ళలో ఒక్కరు కూడా 'ఎ' సమయాన్ని అందుకోలేదు.

2018 ఆగస్టులో జకార్తాలో ఆసియా క్రీడలు జరుగుతున్న రోజుల్లోనే కేరళను వరదలు ముంచెత్తాయి. దెబ్బతిన్న జిల్లాల్లో ఇడుక్కి ఒకటి. అక్కడున్న సజన్ బంధువులతో సంబంధాలు తెగిపోయి, వారు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలియని స్థితిలో అతడు పోటీకి దిగవలసి వచ్చింది. ఉదయం హీట్ (తొలి వడపోత పోటీ), సాయంత్రం ఫైనల్. ఆసియా క్రీడల్లో ఈ అంశంలో ఒక భారతీయుడు ఫైనల్ చేరడం 32 ఏళ్ళ తరువాత అదే మొదలు. ఫైనల్లో 1 నిమిషం 57.75 సెకన్లతో కొత్త జాతీయ రికార్డు నెలకొల్పి, అయిదో స్థానంలో నిలిచాడు. పతకాల పట్టికలో అయిదో స్థానానికి చోటు ఉండదు కాబట్టి మరునాటి పత్రికల్లో ఆ వార్త మూలకు పోయి ఉండవచ్చు. అటువంటి రోజున అప్పటివరకు తన జీవితంలోకెల్లా వేగంగా ఈదగలిగినవాడిని నేను మాత్రం విజేతగానే లెక్కిస్తాను.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న కాలంలో అతని మెడలోని డిస్కులు పక్కకు జరిగాయి. నొప్పి మెడ నుంచి ఎడమ చేతిలోకి పాకింది. బటర్‌ఫ్లై ఈదేవాడికి ఇది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనవసరం లేదు. రెండు చేతులూ సమానంగా లేవకపోతే ఆ ఈతే లేదు. అంతలో కొవిడ్ వచ్చింది. అప్పటికి సజన్ ప్రపంచ సమాఖ్య ఉపకారవేతనంతో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో శిక్షణ పొందుతున్నాడు. లాక్‌డౌన్‌తో కొలనులు మూతపడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. నీళ్ళు లేక, ఇల్లు దూరమై, గాయపడిన మెడతో అతడు పరాయి దేశంలో చిక్కుకుపోయాడు. ఈతగాడికి నీటిలో గడిపే కాలం ఎంత ముఖ్యమంటే, కొన్ని వారాలు దూరమైతేనే నీళ్ళు చేతికి పట్టు దొరకనట్టు అనిపిస్తాయని వారు అంటుంటారు. ఇక్కడ పోయినవి నెలలు. మన దేశంలో క్రీడాకారుల శిక్షణకు ఈతకొలనులు తెరవడానికి అనుమతి వచ్చింది 2020 అక్టోబరు 15 నుంచే.

ఆ 2020 ఆగస్టులో భారత క్రీడా ప్రాధికార సంస్థ కొందరు ఈతగాళ్ళకు దుబాయ్‌లో శిక్షణ ఏర్పాటు చేసింది. సజన్ అక్కడికి చేరాడు. అప్పటికి ప్రదీప్ కుమార్ దుబాయ్‌లోనే శిక్షణ ఇస్తున్నారు. చిన్నప్పటి ఈత ఎరిగిన గురువు, దెబ్బతిన్న శరీరంతో వచ్చిన శిష్యుణ్ణి మళ్ళీ మొదటి మెట్టు నుంచి నిలబెట్టవలసి వచ్చింది. నొప్పి ఎంతవరకు ఓర్చుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది తేల్చుకుంటూ, మెడకు బలం చేకూర్చే వ్యాయామాలు చేస్తూ, కొద్దికొద్దిగా దూరం పెంచుకుంటూ సాగిన నెలలవి. ఇటువంటి కాలంలో చెప్పుకోవడానికి వార్తలు ఉండవు, పతకాలు ఉండవు, ఫొటోలు ఉండవు. తల్లిదండ్రులుగా మనకు అత్యంత కష్టంగా తోచేది కూడా ఈ దశే. గెలిచిన రోజున బిడ్డ పక్కన నిలబడడం ఎవరికైనా తేలికే.

2021 జూన్ నాటికి పోటీలు మళ్ళీ మొదలయ్యాయి. టోక్యోకు 'ఎ' అర్హత సమయం 1 నిమిషం 56.48 సెకన్లు, దానిని అందుకోవడానికి చివరి తేదీ జూన్ 27. బెల్‌గ్రేడ్‌లో సజన్ 1 నిమిషం 56.96 సెకన్లలో ఈది స్వర్ణం గెలిచాడు కాని, అర్హతకు అర సెకను దూరంలో ఆగిపోయాడు. మిగిలింది రోమ్‌లో జరిగే సెట్టెకొల్లి పోటీ ఒక్కటే. గడువు ముగియడానికి ఒక్క రోజు ముందు, జూన్ 26న, అతడు గోడను తాకేసరికి గడియారం 1 నిమిషం 56.38 సెకన్లు చూపించింది. కావలసినదాని కంటే సెకనులో పదో వంతు ముందు. అతడు ఈదిన వేగంలో లెక్కగడితే అది సుమారు 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. ఆ జానెడు లోపు దూరంతో సజన్ ప్రకాశ్ ఒలింపిక్స్‌కు 'ఎ' సమయంతో నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యాడు. ఆ రోమ్ పోటీల్లోనే బెంగళూరుకు చెందిన శ్రీహరి నటరాజ్ కూడా 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో 'ఎ' సమయాన్ని అందుకున్నాడు. ఒకరు తలుపు తెరవగానే రెండోవారు లోపలికి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి.

టోక్యోలో ఏం జరిగిందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. 200 మీటర్ల బటర్‌ఫ్లైలో సజన్ 1 నిమిషం 57.22 సెకన్లు తీసుకుని 24వ స్థానంలో నిలిచాడు. సెమీఫైనల్‌కు వెళ్ళేది 16 మందే. ఆ పోటీలో స్వర్ణం గెలిచిన హంగరీ ఈతగాడు క్రిస్టోఫ్ మిలాక్ సమయం 1 నిమిషం 51.25 సెకన్లు. మిలాక్ వయసు అప్పటికి 21, సజన్‌కు 27. ఈ అంకెలను మన పిల్లల దగ్గర దాచవలసిన పని లేదు. ప్రపంచంలో మొదటివాడికీ మన దేశంలో మొదటివాడికీ మధ్య ఎంత దూరం ఉందో తెలిస్తేనే, ఆ దూరాన్ని ఒక్క సెకను తగ్గించినవాడి శ్రమ విలువ అర్థమవుతుంది. ఈ వెలితికి ఒక్కరి కష్టం చాలదనడానికి పారిస్ ఒలింపిక్సే సాక్ష్యం: 2024లో మన ఈతగాళ్ళెవరూ 'ఎ' సమయాన్ని అందుకోలేకపోవడంతో, మళ్ళీ ఒక పురుషుడు, ఒక బాలిక ఆ పాత రెండో దారిలోనే వెళ్ళారు. సజన్ వెళ్ళలేదు. అయినా అతడు కొలను వదిలిపెట్టలేదు. టోక్యో తరువాత 2022లో గుజరాత్ జాతీయ క్రీడల్లో ఉత్తమ పురుష క్రీడాకారుడిగా నిలిచాడు. కేరళ పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూనే పోటీలకు దిగాడు. 2024 సంవత్సరానికి అర్జున అవార్డు అతనికి దక్కింది.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఈ జీవితంలో నన్ను ఆపి ఆలోచింపజేసింది 27 అన్న అంకె. సజన్ రోమ్‌లో ఆ గోడను తాకినప్పటి వయసు అది. మన ఇళ్ళలో పిల్లలు ఎనిమిదో తరగతి వరకు ఉత్సాహంగా ఈదుతారు, తొమ్మిదిలో సాయంత్రం సాధన ఆగుతుంది, పదో తరగతి రాగానే ఉదయం సాధన కూడా ఆగుతుంది, ఇంటర్ తరువాత చూద్దామన్న మాటతో అది పూర్తిగా ముగుస్తుంది. పదిహేనేళ్ళ వయసులో బిడ్డ శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అతడు ఎంత మంచి ఈతగాడో ఆ వయసులో చెప్పగల కోచ్ లేడు, నేను అసలే చెప్పలేను. కాబట్టి ఎన్నేళ్ళకు ఫలితం వస్తుందన్న లెక్కతో ఈత మొదలుపెట్టవద్దని నా మనవి. ఫలితం సంగతి తేలకపోయినా ఎన్నేళ్ళు పంపగలం, ఎంత ఖర్చు భరించగలం, ఎవరు పొద్దున్నే లేచి దింపగలరు అన్నది ఇంట్లో ముందుగా మాట్లాడుకోండి. బిడ్డ తనంతట తాను వద్దంటే ఆపేయడానికి కూడా ఆ మాటల్లో చోటు ఉండనివ్వండి. శాంతిమోళ్ వంటి తల్లులు అందరికీ ఉండరు. ఉద్యోగాలు, ప్రయాణాలు, అద్దెలు, ఇంట్లో పెద్దవారి అనారోగ్యాలు అందరికీ ఉంటాయి. పంపలేకపోవడం తప్పు కాదు. పంపుతూ ప్రతి పోటీ తరువాత బిడ్డ చేత లెక్క చెప్పించుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

శిక్షణ కొలను విషయంలో కూడా ఒక మాట. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి వంటి 50 మీటర్ల కొలనులు మనకు చాలా తక్కువ. పిల్లలు ఎక్కువగా సాధన చేసేది అంతకంటే చిన్న కొలనుల్లో. అక్కడ గోడ త్వరగా వస్తుంది, మలుపులో తన్నుకొని ముందుకు పోయే అవకాశం ఎక్కువగా దొరుకుతుంది, అందువల్ల సమయాలు మెరుగ్గా కనిపిస్తాయి. రాష్ట్ర స్థాయి పోటీలో పెద్ద కొలనులో దిగగానే అదే బిడ్డ సమయం పెరిగితే, శిక్షణ పాడైందనో బిడ్డ శ్రద్ధ పెట్టలేదనో అనుకోవద్దు. ముందుగా కొలను పొడవు అడిగి తెలుసుకోండి.

మన బడి వైపు నుంచి ఈ ఏడాది చేయదలచినవి చెప్పి ముగిస్తాను. క్రమం తప్పకుండా పోటీ శిక్షణకు వెళ్తున్న పిల్లలకు ఉదయం మొదటి పీరియడ్‌లో ఆలస్యంగా రావడానికి అనుమతి ఉంటుంది. ఆ పీరియడ్‌లో చెప్పిన పాఠం వారికి మధ్యాహ్న భోజన విరామం తరువాత మళ్ళీ చెప్పే ఏర్పాటు చేశాం. జిల్లా, రాష్ట్ర పోటీల రోజుల్లో తప్పిపోయిన పరీక్షలను వేరే రోజున రాయవచ్చు, మార్కులు తగ్గించరు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. మీ అబ్బాయి లేదా అమ్మాయి శిక్షణ వేళలు, కొలను ఉన్న చోటు, కోచ్ ఇచ్చిన పోటీల పట్టిక ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, ఈ నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి. గాయాల వల్ల కొంతకాలం సాధనకు దూరమైన పిల్లలు ఉంటే వారి పేర్లు కూడా తప్పక రాయండి. శిక్షణ ఆగిన కాలంలో కూడా ఈ వెసులుబాటు వారికి కొనసాగుతుంది.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు