పిల్లలకు దారి చెప్పాల్సింది జూన్‌లో కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత వారం మీ జిల్లా పేజీలో కెరీర్ గైడెన్స్ సదస్సు గురించి పెద్ద వార్త వేశారు. పదో తరగతి పాసైన పిల్లలకు ఆ సదస్సు దారి చూపిందని రాశారు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో మా హైస్కూలు పిల్లలూ ఉన్నారు. వాళ్లను బస్సెక్కించి తీసుకెళ్లి, మళ్లీ ఇళ్లకు చేర్చిన టీచర్లలో నేనూ ఒకదాన్ని. అక్కడ నిజంగా ఏం జరిగిందో మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

ఉదయం పది గంటలకన్నారు. అతిథులు వచ్చేసరికి పన్నెండు దాటింది. తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సన్మానాలు. అసలు విషయం చెప్పాల్సిన ఆయన చేతికి మైకు వచ్చేసరికి పిల్లలు ఆకలితో ఉన్నారు. పాపం ఆయన బాగానే చెప్పారు. పాలిటెక్నిక్ చేస్తే ఎంత త్వరగా ఉద్యోగం వస్తుందో, ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో ఎలా చేరొచ్చో వివరించారు. మా వరసలో కూర్చున్న అమ్మాయి నా వైపు తిరిగి "మేడమ్, పాలీసెట్ అయిపోయింది కదా?" అని అడిగింది. అవును, అయిపోయింది. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాయాల్సిన ఆ పరీక్ష వేసవిలోనే పెట్టేస్తారు. ఏపీఆర్‌జేసీ, అంటే ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల దరఖాస్తులైతే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తీసుకుంటారు. అప్పుడు మా పిల్లలు పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లు మిర్చి కోతల్లో, కల్లాల్లో ఉంటారు. గడువులు దాటిపోయాక జూన్‌లో మైకు పట్టుకుని దారులు చెబితే ఆ పిల్ల ఏం చేయాలి?

ఆ రోజు హాల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది అప్పటికే ఏదో ఒక కాలేజీకి అడ్వాన్సు కట్టేసినవాళ్లే. మనం ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మాట్లాడం కాబట్టి ఆ మాట ప్రైవేటు కాలేజీల్లో పిల్లల్ని చేర్పించడానికి తిరిగే పీఆర్వోలు మాట్లాడుతున్నారు. పదో తరగతి సంక్రాంతి సెలవులకల్లా వాళ్లు ఇంటి గుమ్మంలో ఉంటారు. తండ్రి పేరు, ఫోన్ నంబరు, పిల్లవాడికి వచ్చిన మార్కులు అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ వివరాలు బడి నుంచి బయటికి ఎలా వెళ్లాయని ఒక్క అధికారి అడగగా నేను వినలేదు. ఇప్పుడు సీటు తీసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. అబ్బాయికి ఎంపీసీ, అమ్మాయికి బైపీసీ అని వాళ్లే తేల్చేస్తారు. పిల్లవాడు పక్కనే నిలబడి ఉంటాడు. నీకేం ఇష్టం అని అతన్ని అడిగేవాళ్లు ఉండరు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాళ్లది రెండెకరాల మిర్చి సేద్యం. వాడు ఎనిమిదో తరగతి నుంచే మోటారు వైండింగ్ షాపులో కూర్చుని పని నేర్చుకున్నాడు. బడిలో ఫ్యాను ఆగితే వాడే ఎక్కి చూసేవాడు. లెక్కల్లో సాధారణం. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ గానీ, పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా గానీ వాడికి అతికినట్టు సరిపోయేవి. కానీ అప్పు చేసి హాస్టల్ కాలేజీలో ఎంపీసీలో వేశారు. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టే చోట వాణ్ని చివరి సెక్షన్‌లో కూర్చోబెట్టారు. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు తప్పి ఇంటికొచ్చాడు. ఇప్పుడు బజారులో నేను కనిపిస్తే తల వంచుకుని పక్క సందులోకి వెళ్లిపోతున్నాడు. ఆ పిల్లవాడు సిగ్గుపడాల్సిన పని ఏం చేశాడండీ? పని మీద అంత ఇష్టం, నేర్పు ఉన్నవాడికి ఒక్క మనిషి కూడా ముందుగా దారి చెప్పలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఐటీఐ అంటే "ఆడపిల్లకు అదేంటి" అంటారు. పాలిటెక్నిక్ అంటే ఊరు దూరమంటారు. దగ్గర్లో కాలేజీ లేకపోతే చదువు ఆపి సంబంధాలు చూస్తారు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు వస్తే ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగ్ పూర్తి చేయొచ్చని, ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు ప్రవేశాల్లో అదనంగా 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారని ఎంతమంది తల్లులకు తెలుసు? తెలిసిన తల్లి తొమ్మిదో తరగతి నుంచే కూతురి మార్కుల మీద కన్నేసి ఉంచుతుంది. ఫలితాలు వచ్చాక తెలిసిన తల్లి ఏడుస్తుంది. నేను రెండు రకాల తల్లుల్నీ చూశాను.

మాది పల్నాడు. మా పిల్లలకు చూపించడానికి పనులు లేక కాదు. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీల పొగ రోజూ చూసే పిల్లలకు లోపల ల్యాబ్ ఉంటుందని, అందులో కెమిస్ట్రీ చదివినవాళ్లు పని చేస్తారని తెలియదు. గుంటూరు మిర్చి యార్డుకు ట్రాక్టరు మీద వెళ్లొచ్చిన పిల్లలకు, ఆ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీని నడిపే మెకానిక్ ఏం చదివాడో తెలియదు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ ఉంది. పదో తరగతి చాలు. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరొచ్చు. రైతు బిడ్డలకు ఈ ముక్క రైతులున్న జిల్లాలోనే అందడం లేదు.

జాతీయ విద్యా విధానం 2020లో ఏం రాశారో అధికారులకు నాకంటే బాగా తెలుసు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు బ్యాగులు లేకుండా పిల్లలు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలని అందులో ఉంది. చేయించగలిగితే ఎంత మంచి ఆలోచన! మా దగ్గర బ్యాగు లేని రోజున పిల్లలు ముగ్గులు వేస్తారు, ఆటలాడతారు, మేము ఫోటోలు తీసి అప్‌లోడ్ చేస్తాం. ముగ్గులు వద్దని నేననను. కానీ ఒక్కసారైనా పిల్లల్ని ఒక వర్క్‌షాపుకు, ఒక పశువుల ఆసుపత్రికి, ఒక బ్యాంకుకు తీసుకెళ్దామంటే బస్సు ఖర్చు ఏ పద్దులో రాయాలో చెప్పేవాళ్లు లేరు. అనుమతి కోసం పెట్టిన కాగితం తిరిగి రాదు.

2020లో యూనిసెఫ్ సాయంతో రాష్ట్రంలో కెరీర్ పోర్టల్ కూడా తెచ్చారు. అందులో సమాచారం చాలా ఉంది. కానీ పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా ఫోన్ ముందు కూర్చుని అన్ని కోర్సుల్లో తనకు సరిపడేది ఏరుకోగలదా? పక్కన ఒక పెద్ద మనిషి ఉండి, "నీకు దేని మీద ఇష్టం? ఏం చేస్తుంటే టైమ్ తెలియదు? ఇంట్లో ఎంత ఖర్చు పెట్టగలరు?" అని అడగాలి. విన్నాక ఆలోచించి చెప్పాలి. రెండో రోజు పిల్ల మనసు మార్చుకుంటే విసుక్కోకూడదు. ఆ వయసులో మనసు మారడం సహజం. ఈ పని పోర్టల్ చేయలేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దంది. పిల్లలకే కాదు, తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలంది. మా బడిలో పిల్లలు మూడు వందలు దాటారు. కౌన్సెలర్ లేరు. వస్తారన్న మాట కూడా ఎక్కడా వినపడటం లేదు. అంతకు ముందు కూడా ఇంటర్ పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి, రత్నకుమారిల కమిటీ వేశారు. నివేదికలు వచ్చాయి. ఆ తర్వాత కూడా పిల్లలు పోతూనే ఉన్నారు. ప్రతిసారీ కొత్త కమిటీ, కొత్త సర్క్యులర్. పిల్లవాడి పక్కన కూర్చునే మనిషిని మాత్రం ఇవ్వరు.

టీచర్లే ఆ పని చేయొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. చేస్తాం, చేయాలని ఉంది. నాకు ఇచ్చిన రోజులో పాఠాలు కాకుండా హాజరు, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించే పనులు ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల టైమ్‌టేబుల్లో వారానికి ఒక్క పీరియడ్ దీనికి ఇచ్చి, ఆ పీరియడ్‌లో ఇంకో పని చెప్పకుండా ఉంటే చాలు. మా బడిలోనే చదివి నర్సుగా, లైన్‌మన్‌గా, అకౌంటెంటుగా, ఆర్మీలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు సెలవుల్లో ఊరికి వస్తూనే ఉంటారు. వాళ్లు వచ్చి మాట్లాడితే పిల్లలు చెవులప్పగించి వింటారు. రూపాయి ఖర్చు లేదు. మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు తల్లిదండ్రులు ఎలాగూ పనులు మానుకుని వస్తున్నారు. అందులో ఒక గంట ఈ విషయానికి కేటాయిస్తే, పీఆర్వో కంటే ముందే మనం ఆ ఇంటివాళ్లతో మాట్లాడినట్టవుతుంది.

మీ పత్రికను కూడా ఒకటి అడగాలి. ఏటా ఫలితాల రోజున మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు వేస్తారు. మా పిల్లల తండ్రులు ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని కాలేజీలకు వెళ్తారు. ప్రకటనలు ఆపమని అడిగే స్థోమత నాకు లేదు. కానీ ఐటీఐలో చదివి సొంతంగా షాపు పెట్టుకున్న అమ్మాయి ఫోటో కూడా ఆ వారంలో ఒకటి వేయండి. జనవరిలోనే ఏపీఆర్‌జేసీ, పాలీసెట్, వ్యవసాయ పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు ఎప్పుడుంటాయో, ఎవరు అర్హులో, ఫీజు ఎంతో జిల్లా పేజీలో వేయండి. తేదీలు ఖరారు కాగానే మళ్లీ వేయండి. దాన్ని కత్తిరించి ప్రతి తరగతి గది తలుపుకు మేము అంటిస్తాం, పంచాయతీ ఆఫీసులో, పాల కేంద్రం దగ్గర కూడా.

ఆ సదస్సు వచ్చే ఏడాది కూడా పెడతారు. దాన్ని నవంబరులో పెట్టమని, పదో తరగతి పాసైనవాళ్లకు కాకుండా తొమ్మిది, పది చదువుతున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు కలిపి పెట్టమని, జిల్లా కేంద్రంలో కాకుండా మండలానికొకటి పెట్టమని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్రం టీచర్,
పల్నాడు జిల్లా