యూనిట్ కోర్టు ఖాళీ కాకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు సైన్యంలోని ఆటగాళ్ల మీద గట్టిగానే విరుచుకుపడ్డారు. దేశ రక్షణకు కేటాయించిన సొమ్ముతో బంతులాటలేమిటని, బుట్టలో బంతి వేసేవాడికి చేతి మీద హవల్దార్ పట్టీలు ఎందుకని అడిగారు. నేను సైన్యానికి ఫోన్లు, వైర్‌లెస్ నడిపే కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో పనిచేసి నాయబ్ సుబేదార్‌గా బయటకు వచ్చినవాడిని. యూనిట్ బాస్కెట్‌బాల్ జట్టుకు చాలాకాలం ఆడాను. ఆయన ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. మర్నాడు మళ్లీ చదివితే, ఆయన ప్రశ్నలో సగం నాదే అనిపించింది. కాకపోతే నా కారణం వేరు.

నేను 1989లో భర్తీ అయ్యాను. ఎత్తు 171 సెంటీమీటర్లు. బాస్కెట్‌బాల్ ఆటగాడి ఎత్తు కాదని నాకూ తెలుసు, నవ్వుకోవచ్చు. అప్పటికి ఆ బంతిని చేత్తో ముట్టుకున్నవాడినే కాను. సైన్యంలో పొద్దున పీటీ, సాయంత్రం గేమ్స్ పరేడ్. పేరులోనే పరేడ్ ఉంది కాబట్టి ఇష్టమైతే రావడం, లేకపోతే మానడం కుదరదు. మొదటి రోజు నేను వాలీబాల్ వైపు నడుస్తుంటే శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఆపి, అక్కడ ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారు, నువ్వు అటు పో అని బాస్కెట్‌బాల్ కోర్టు చూపించాడు. నాలోని ప్రతిభను ఎవరూ గుర్తించలేదు. వాలీబాల్ కోర్టు నిండిపోయింది, అంతే.

తరవాత నెల రోజులు నా కుడిచేయి నిక్కరు నడుంపట్టీలోనే ఉంది. వీపు వెనక దోపుకోమన్నాడు ఉస్తాద్. ఎడమచేత్తో బంతి కొట్టుకుంటూ కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి, 28 మీటర్లు, మళ్లీ వెనక్కి. బంతి వైపు చూస్తే ఇంకో రెండు చుట్లు. ఆ బంతి తోలు అరిగి నున్నగా అయిపోయి, చెమట చేతికి సబ్బుబిళ్లలా జారేది. కోర్టు సిమెంటుది, మధ్యలో పగులు. దాని మీద పడిన బంతి ఎటు లేస్తుందో మా కంపెనీ వాళ్లకు తెలుసు, బయటి జట్లకు తెలియదు. సొంత కోర్టులో ఆడటంలోని లాభం మాకు అదొక్కటే. రింగుకు వల ఉండేది కాదు. పాత కామోఫ్లాజ్ నెట్ తాళ్లు విప్పి మా లైన్‌మన్ ఒకడు అల్లాడు. గీతలు సున్నంతో గీసేవాళ్లం. ఆట సగం అయ్యేసరికి సున్నమంతా బూట్లకు అంటుకుపోయేది. ఆ తరవాత గీత ఎక్కడుందో రెఫరీ జ్ఞాపకమే చెప్పాలి.

ఇప్పుడు ఒక మ్యాచ్ గురించి చెబుతాను. తొంభైల మొదట్లో జరిగింది. కంపెనీల మధ్య పోటీ, ఫైనల్. అప్పటి నియమాల ప్రకారం ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి దొరికిన 30 సెకన్లలో బుట్టకు వేయాలి. నాలుగు క్వార్టర్లు, 24 సెకన్లు 2000లో వచ్చాయి. గడియారం లేదు కాబట్టి బల్ల దగ్గర ఒక నాయక్ స్టాప్‌వాచ్ పట్టుకుని చివరి పది సెకన్లు గొంతెత్తి లెక్కపెట్టేవాడు. స్కోరు బోర్డు రేషన్ పెట్టెల చెక్కతో చేసింది. మేకులకు అంకెల రేకులు తగిలించేవాళ్లు.

మా కంపెనీ కమాండర్ మేజర్ సాబ్ మా జట్టులో ఆడేవారు. జట్టు కెప్టెన్ మాత్రం ఒక నాయక్. కోర్టులో ఉన్నంతసేపు మేజర్ సాబ్ నాయక్ మాట వినాలి, వినేవారు కూడా. "సాబ్, వెనక్కి!" అని వాడు అరిస్తే పరుగున వెనక్కి వెళ్లేవారు. ఆ రోజు ఆట ఇంకా ఆరేడు నిమిషాలు ఉందనగా, అవతలి జట్టు కుర్రాడు రింగు వైపు దూసుకొస్తుంటే మేజర్ సాబ్ అడ్డం వెళ్లారు. ఇద్దరూ పడ్డారు. రెఫరీ ఇంకో కంపెనీ హవల్దార్. ఈల ఊదాడు. బల్ల దగ్గరికి నడిచి వెళ్లి, మేజర్ సాబ్ బనియను మీది నంబరు వేళ్లతో చూపించి, తరవాత ఐదు వేళ్లూ విప్పి పట్టుకున్నాడు. ఐదో ఫౌల్. అంటే ఇక బయటికే.

కుర్చీలో రెజిమెంట్ పెద్ద, సీవో (కమాండింగ్ ఆఫీసర్) సాబ్ కూర్చుని ఉన్నారు. చుట్టూ రెజిమెంట్ మొత్తం ఉంది. ఒక్క చప్పుడు లేదు. మేజర్ సాబ్ హవల్దార్ వైపు ఒక్క క్షణం చూశారు. చేయి పైకెత్తి ఒప్పుకుని, వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్నాక తువ్వాలు కూడా తీసుకోకుండా, ఆయన స్థానంలో వెళ్తున్న సిపాయిని పిలిచి ఎవరిని కాచుకోవాలో చెప్పారు. మర్నాడు పొద్దున అదే హవల్దార్ ఆయనకు సెల్యూట్ చేశాడు, ఆయన తిరిగి చేశారు. ఆ మ్యాచ్ మేం నాలుగు పాయింట్లతో ఓడిపోయాం. నా చేతిలోంచి జారిన బంతులు రెండు అందులో ఉన్నాయి. అది ఫౌలే కాదని మేజర్ సాబ్ చాలా ఏళ్లు నమ్మారని తరవాత విన్నాను.

రక్షణకు దీనివల్ల ఏం ఒరిగిందని పాఠకుడు అడుగుతారు. మా పని టెలిఫోన్ తీగ వేయడం. కొండ మీద, చీకట్లో, కేబుల్ డ్రమ్ము మోసుకుంటూ. ఎవరికి ఊపిరి ముందుగా అయిపోతుందో, అయిపోయినా చెప్పకుండా ఎవడు లాక్కొస్తాడో నాకు కోర్టు మీద ముందే తెలిసింది. మొదటివాడికి కొండ ఎక్కేటప్పుడు డ్రమ్ము ఇవ్వకూడదు, రెండోవాడి మీద ఓ కన్నేసి ఉంచాలి. ఇది ఏ రిజిస్టర్లోనూ రాసి ఉండదు.

ఇక నా సగం ప్రశ్నకు వస్తాను. ధ్యాన్‌చంద్ 1922లో సిపాయిగా చేరాక సైన్యంలోనే హాకీ ఆటగాడయ్యారు. మిల్ఖా సింగ్‌ను పరుగువీరుణ్ని చేసింది మన సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్, సైన్యంలోని ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల శిక్షణ కేంద్రం. రిక్రూట్ల క్రాస్ కంట్రీ పరుగులో ఆరో స్థానంలో వచ్చిన కుర్రాడాయన. వీళ్లను ఎవరూ ఆటగాళ్లుగా భర్తీ చేసుకోలేదు. సిపాయిలుగా తీసుకుంటే, వాళ్లలోంచి ఆటగాళ్లు బయటపడ్డారు. బాస్కెట్‌బాల్‌లోనూ త్రివిధ దళాల ఉమ్మడి జట్టు సర్వీసెస్‌కు గొప్ప రోజులున్నాయి. 1967లో అర్జున అవార్డు అందుకున్న ఖుషీరామ్ సర్వీసెస్ తరఫున ఏళ్ల తరబడి ఆడినవారే.

దీని వెనక ఒక నిచ్చెన ఉంది. కంపెనీల పోటీ, యూనిట్ల పోటీ, ఆపైన డివిజన్, కోర్, కమాండ్. తరవాత ఆర్మీ రెడ్, ఆర్మీ గ్రీన్ జట్లు నేవీ, ఎయిర్ ఫోర్స్ జట్లతో తలపడతాయి. వాటిలోంచి ఏరిన పన్నెండు మంది సర్వీసెస్ స్పోర్ట్స్ కంట్రోల్ బోర్డు జట్టుగా, ఒక రాష్ట్రం జట్టులాగే జాతీయ పోటీలకు వెళ్తారు. నేను ఈ నిచ్చెనలో మూడో మెట్టు దాటలేదు. అయినా మూడో మెట్టు మీద నిలబడినవాడికి పై మెట్టు కనిపించేది.

ఇప్పుడు పైమెట్టుకు నేరుగా బయటినుంచి మెట్లు వేస్తున్నారు. పేరు తెచ్చుకున్న ఆటగాణ్ని హవల్దార్‌గానో నాయబ్ సుబేదార్‌గానో నేరుగా తీసుకోవడం. దీన్ని తప్పుపట్టడం లేదు. నీరజ్ చోప్రా 2016లో రాజ్‌పుతానా రైఫిల్స్‌లోకి అలాగే వచ్చారు, టోక్యోలో స్వర్ణం తెచ్చారు. 2001లో పుణేలో పెట్టిన ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా మంచి పనే చేస్తోంది. అయితే అక్కడి ప్రధాన క్రీడలు చూడండి: విలువిద్య, అథ్లెటిక్స్, బాక్సింగ్, డైవింగ్, ఫెన్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ. ఏడింటిలో బంతి ఉన్న ఆట ఒక్కటీ లేదు. ఐదుగురు కలిసి ఆడేది ఒక్కటీ లేదు. పతకాల లెక్కలో అది తెలివైన పనే కావచ్చు. బాస్కెట్‌బాల్‌లో పన్నెండు మందిని తయారుచేస్తే వచ్చేది ఒకే పతకం. కానీ ఆ లెక్కే చివరిదాకా నడిస్తే యూనిట్ కోర్టు గతి ఏమిటి?

పరాయి దేశాల సంగతి కూడా చూశాను. చైనా సైన్యం జట్టు బాయి, విదేశీ ఆటగాణ్ని ఒక్కణ్నీ తీసుకోకుండా తమ దేశపు లీగ్‌ను ఎనిమిది సార్లు గెలిచింది. చుట్టూ లీగ్ మారిపోయింది, 2020లో ఆ జట్టు తప్పుకుంది. మాస్కోలోని సీఎస్‌కేఏ క్లబ్బు పేరులో సైన్యం ఇప్పటికీ ఉంది. 2019లో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడు మాత్రం విల్ క్లైబర్న్ అనే అమెరికన్. దక్షిణ కొరియావాళ్లు లీగ్ ఆటగాళ్లను నిర్బంధ సైనిక సేవ కాలంలో సాంగ్మూ అనే సైనిక జట్టులో ఆడించి తిరిగి పంపుతారు. అమెరికాలో డేవిడ్ రాబిన్సన్ నేవల్ అకాడమీలో చేరాక ఎదిగి ఎదిగి ఏడడుగులు దాటాడు. ఓడల్లో పట్టడని తేల్చి ఒడ్డు మీద రెండేళ్ల ఉద్యోగం చేయించుకున్నారు, 1989లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు వదిలారు. మనకు ఆ ఇబ్బంది రాదు లెండి, నా ఎత్తు పైన చెప్పాను కదా. వీటిలో ఏదీ మనకు అచ్చంగా సరిపోదు. మన బలం కంపెనీ జట్టు.

దానికే ఇప్పుడు ఊపిరి అందడం లేదని నా భయం. సిపాయిలను నాలుగేళ్లకే భర్తీ చేసుకునే అగ్నిపథ్ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోను, ఆట లెక్క ఒక్కటే చెబుతాను. నేను మొదటి ఏడాదంతా బంతి కొట్టడం నేర్చుకున్నాను. మూడో ఏడు కంపెనీ జట్టులో బెంచీ మీద కూర్చున్నాను. ఐదో ఏడు ఐదుగురిలో ఒకణ్నయ్యాను. యూనిట్ బనియను ఏడో ఏట వేసుకున్నాను. నాలుగేళ్లకే పంపేసి ఉంటే నేను ఆ బెంచీ మీదినుంచి లేచి నేరుగా ఇంటికి వెళ్లేవాణ్ని. నాలుగో వంతు మంది నిలిచిపోతారన్నది నిజమే. ఆ పాతిక శాతంలో నిలవాలన్న ఆరాటంలో ఉన్న కుర్రాడికి ఎడమచేత్తో బంతి కొట్టే తీరిక ఉంటుందా? ఇంకా సర్వీసులో ఉన్న నా పాత సహచరుడొకడు మొన్న ఫోనులో చెప్పాడు, వాళ్ల యూనిట్లో కోర్టు మీద బళ్లు నిలుపుతున్నారట. రింగులు అలాగే ఉన్నాయట, కింద త్రీటన్నర్ లారీలు.

ఒక చిన్న ఉపాయం కూడా రాస్తాను, చదివే అధికారులు ఎవరైనా ఉంటే పనికొస్తుంది. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో త్రీ ఎక్స్ త్రీ అనే పొట్టి బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. ఒకే రింగు, సగం కోర్టు, వైపుకు ముగ్గురు, బయట ఒక్కడు. పది నిమిషాలు, లేదా ముందుగా 21 పాయింట్లు. బంతి దొరికితే 12 సెకన్లే. పూర్తి కోర్టు కట్టడానికి చోటు లేని పోస్టులకు ఇంతకంటే తగిన ఆట లేదు. మేం పాతికేళ్ల కిందటే ఇలా ఆడాం. ఒక రింగు విరిగిపోయి, మార్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. దానికి ఇంగ్లిషు పేరు ఉందని మాకు తెలియదు, అంతే తేడా.

మీ పత్రికను కోరేది కొంచెమే. జాతీయ పోటీల్లో సర్వీసెస్ గెలిచినా ఓడినా ఒక పంక్తి వేసి వదిలేస్తున్నారు. ఆడినవాళ్ల పేర్లు వేయండి. కుదిరితే వాళ్లు ఏ యూనిట్ వాళ్లో, ఏ ట్రేడో కూడా వేయండి. డ్రైవరా, లైన్‌మనా, వంటవాడా, ఆటగాడిగానే చేరినవాడా? అప్పుడు గత వారం రాసిన పాఠకుడికి తన ప్రశ్నకు జవాబు మీ పత్రికలోనే దొరుకుతుంది. అందరూ ఆటగాళ్లుగా చేరినవాళ్లే అయితే, అదీ అందరికీ తెలియాలి.

మా మేజర్ సాబ్‌కు తెలుగు రాదు. ఆయనను ఎరిగినవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక మాట చేరవేయండి. ఐదో ఫౌల్ ఫౌలే సాబ్. మీ కాళ్లు ఇంకా కదులుతున్నాయి. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత నాయబ్ సుబేదార్,
కోర్ ఆఫ్ సిగ్నల్స్