మీటరు రాని డాబా చూసి సోలార్ ఎవరు పెట్టిస్తారు?

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ పేపర్లో సోలార్ మీద వార్త చదివాను. జనంలో అవగాహన లేకే ముందుకు రావడం లేదని అధికారులు సెలవిచ్చారట. ఊరుకుందామనే అనుకున్నాను, నా వల్ల కాలేదు.

అవగాహనకేం తక్కువండీ? ఇళ్ల డాబాల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవడానికి 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ, పైన ఒడిశా ప్రభుత్వం మరో 60 వేలు ఇస్తాయని మా పర్లాకిమిడిలో టీకొట్టు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. మా వీధిలో మొదట పెట్టించింది ఓ రిటైర్డ్ మాస్టారు. మే నెల బిల్లు పట్టుకుని ఆయన అరుగు మీద కూర్చుంటే ఆ కాగితం పది చేతులు మారింది. ఏసీ ఉన్న ఇల్లు, బిల్లు రెండొందలు దాటలేదు. ఆ నెలలోనే ముగ్గురం దరఖాస్తు పెట్టాం.

నా డాబా మీద ప్యానెళ్లు బిగించి నాలుగు నెలలైంది. నెట్ మీటరు, అంటే లైను నుంచి మనం వాడిన కరెంటునూ ప్యానెళ్ల నుంచి లైనుకు వెళ్లిన కరెంటునూ లెక్కగట్టే మీటరు, మాత్రం రాలేదు. ఓసారి 'స్టాకు లేదు', ఇంకోసారి 'సారు మీటింగులో ఉన్నారు', మొన్నేమో 'కనెక్షన్ మీ నాన్నగారి పేరు మీద ఉంది'. అదే పేరు మీద ఇన్నేళ్లూ బిల్లు కట్టించుకున్నప్పుడు ఈ అభ్యంతరం ఏమైందో! మీటరు పెడితే గానీ ప్యానెళ్లు ఆన్ చేయరు, సబ్సిడీ పడదు. బ్యాంకు వాళ్లు మాత్రం ఒక్క వాయిదా మర్చిపోలేదు. మూడొందల అడుగుల జాగా పోయింది, వడియాలకు చోటూ లేదు, కరెంటూ లేదు అని మా ఆవిడ సణుగుడు. మాస్టారి బిల్లు చూసి కదిలినవాళ్లే ఇప్పుడు 'ఇంకా రాలేదా?' అని నన్నడిగి వెళ్లిపోతున్నారు.

ఇంకోటి. లైను కరెంటు పోతే ఇదీ ఆగిపోతుందని ముందుగా ఎవరూ చెప్పరు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదు కాబట్టి ఆగడం సబబే. కానీ 2018లో తిత్లీ తుఫానుకు రోజుల తరబడి చీకట్లో మగ్గిన వాళ్లం. ఎండ కాస్తున్నా ఫ్యాన్ తిరగదా అంటే, బ్యాటరీ ఖర్చు వేరే అంటారు. గాలికి ఫ్రేములు ఆగుతాయా అంటే 'ఏం కాదులెండి' అంటారు.

మొన్న అవగాహన సదస్సు పెట్టారు. శాలువాలు, బొకేలు, ఫొటోలు. మైకులకూ ఫ్యాన్లకూ డీజిల్ జనరేటరు! నా మీటరు సంగతి అడగబోతే 'అది ఇక్కడ కాదు, ఆఫీసుకు రండి' అన్నారు.

మీ విలేకరి గారిని ఓసారి మా వీధికి పంపండి. మాస్టారి డాబా, నా డాబా పక్కపక్కనే ఉంటాయి.

ఇట్లు,
ఓ పాఠకుడు, పర్లాకిమిడి