పేగువాపు జబ్బు, రాత్రి నిద్ర: సంఘం వార్షిక నివేదిక

చంద్రపూర్, బల్లార్షా పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వారందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు. గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు పంచాంగ శ్రవణం, బతుకమ్మ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఆరోగ్య ఉపసంఘం ఏడాది పొడవునా పేగువాపు జబ్బుకూ నిద్రకూ ఉన్న సంబంధం అనే ఒకే విషయాన్ని పట్టుకుని పనిచేసినందున ఈ నివేదికను దానికే కేటాయించాం.

ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం మన సభ్యుల్లోనే ఒకరు. గనిలో మూడు షిఫ్టులూ చేసే ఆయన రక్త విరేచనాలను మొదట వేడి చేసిందనీ, తర్వాత మొలలనీ అనుకుని రెండేళ్లు గడిపారు. చివరకు నాగపూర్‌లో కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకుంటే అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగువాపు జబ్బు అని తేలింది. కడుపునొప్పి కంటే నిద్ర కరవై ఎక్కువ కుంగిపోయాననీ, ఆ సంగతి ఏ వైద్యుడూ అడగలేదు, తానూ చెప్పలేదనీ ఆయన పోయిన సర్వసభ్య సమావేశంలో అన్నారు. ఆ మాట మీదనే మా పని మొదలైంది.

ప్రపంచ ఐబీడీ దినమైన మే 19న మొదటి సమావేశం పెట్టాం. ఐబీడీ అంటే పేగువాపు జబ్బు; అందులో ప్రధానంగా రెండు రకాలు: పెద్దపేగు లోపలి పొరలో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రాగల క్రోన్స్ వ్యాధి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడాలతో తరచూ బాధపెట్టే పేగు ఇబ్బంది) వేరు; అందులో పేగుకు వాపు గాని, పుండు గాని ఉండదు. నిద్రలోంచి లేచి మరీ దొడ్డికి పరుగెత్తవలసి రావడం, మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం వంటివి కనిపిస్తే ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు. మన దేశంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పేగు క్షయ చూడటానికి అచ్చం క్రోన్స్ లాగే ఉంటుంది కాబట్టి, ముక్క పరీక్ష (పేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ) వంటివి చేసి క్షయ కాదని తేల్చుకోకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే ప్రమాదం.

ఇక్కడ మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. నిద్ర లేకపోతే పేగువాపు జబ్బు వస్తుందని మేము వేయించిన గోడపత్రికలో రాసేశాం. పరిశోధనలు అంత ఖాయంగా చెప్పడం లేదు. అమెరికాలో 1976లో ఒకటి, 1989లో ఒకటి మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనాల సమాచారంతో 2014లో వెలువడిన పరిశోధనలో, రోజుకు 7, 8 గంటలు నిద్రపోయేవారితో పోలిస్తే 6 గంటలకు తక్కువ పడుకునేవారిలోనూ, 9 గంటలు మించి పడుకునేవారిలోనూ అల్సరేటివ్ కొలైటిస్ ముప్పు ఎక్కువగా కనిపించింది. క్రోన్స్ విషయంలో అలా కనిపించలేదు. నైట్ షిఫ్టులు ఎన్నేళ్లు చేశారన్న దానికీ ఈ జబ్బులకూ సంబంధం తేలలేదు. ఈ చివరి మాట మన గని కార్మిక మిత్రులకు రుచించలేదు గాని, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మర్యాద అనుకున్నాం. ఆ పత్రికలను తీసేసి, ‘సంబంధం ఉంది, కారణమని తేలలేదు’ అని మళ్లీ రాయించి అతికించాం.

జబ్బు ఇప్పటికే ఉన్నవారి సంగతి ఇంకొంత స్పష్టంగా ఉంది. 2013లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో, క్రోన్స్ అణిగి ఉన్నవారిలో నిద్ర చెడినవారికి 6 నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. నిద్ర తెగినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వంటి వాపు కారకాలు ఒంట్లో పెరుగుతాయి. ఈ జబ్బుకు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూదిమందు అడ్డుకునేది ఆ టీఎన్‌ఎఫ్‌నే. అటువైపు నుంచి చూస్తే నొప్పి, విరేచనాలు, దిగులు, స్టెరాయిడ్ మాత్రలు నిద్రను పాడుచేస్తాయి. ఏది ముందు, ఏది వెనుక అన్నది రోగికే తెలియని పరిస్థితి.

అందువల్ల మా ప్రయత్నమంతా నిద్ర సంగతి వైద్యుడి చెవిన పడేలా చూడటమే. పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి ఎన్నిసార్లు దొడ్డికి లేచారు, ఏ షిఫ్టు, ఏ మందు ఏ వేళకు వేసుకున్నారు అన్న ఐదు గళ్లతో ఒక చిన్న పుస్తకం తెలుగులో అచ్చువేయించి పంచాం. మొదట మరాఠీలోనూ వేయాలనుకున్నాం, డబ్బు చాలలేదు. ఈ పుస్తకం చూపించాకే ఒక సోదరి రాత్రి భోజనం తర్వాత స్టెరాయిడ్ వేసుకుంటున్నట్టు బయటపడింది. వైద్యుడు దాన్ని ఉదయానికి మార్చారు. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే కొన్ని నొప్పి మాత్రలు పేగువాపును రేపవచ్చు కాబట్టి, వాటినీ రాయమని కోరాం. నిద్రమాత్రలు సొంతంగా వాడవద్దని ఇంటింటికీ చెప్పాం.

ఎండలు 45 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, నైట్ షిఫ్టు దిగి వచ్చినవారికి పగటి నిద్ర పట్టించడం మాటలు కాదు. కిటికీకి నల్లగుడ్డ, కూలరున్న గది ఆ మనిషికే వదలడం, పది గంటలకు కుక్కర్ ఈలలు లేకుండా ముందే వంట ముగించడం వంటి ఏర్పాట్లను మహిళా సభ్యులే సూచించారు. ఉపన్యాసాల కంటే ఇవే ఎక్కువ ఇళ్లలో అమలయ్యాయి.

చివరిగా సభ తీర్మానించవలసిన విషయం ఒకటి మిగిలింది. నిద్ర గురించి ఇంత చెప్పిన మన సంఘమే బతుకమ్మ రోజుల్లో అర్ధరాత్రి దాకా మైకు మోగించిందని ఇద్దరు రోగుల కుటుంబాలు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాయి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు నిషేధమే అయినా, ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. దాన్ని వాడుకోవాలని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు. వచ్చే బతుకమ్మకు మైకును 10 గంటలకే ఆపి, ఆ తర్వాత పాట నోటితోనే సాగించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిపై ఈ సభలోనే చేతులెత్తి నిర్ణయం చెప్పవలసిందిగా సభ్యులను కోరుతున్నాం.

— కార్యదర్శి