చిన్నా, బుధవారం పదిన్నరకి

చిన్నా,

అమ్మ ఈ ఏడు ఆవకాయలో నీ వాటా రెండు కేజీలు విడిగా తీసి పెట్టింది. సగం వెల్లుల్లి వేసింది, సగం వేయనిది. జూన్‌లో బుజ్జక్క ఆడపడుచు డల్లాస్ వస్తోంది, ఆవిడతో పంపిస్తాం. అక్కడికి నీకు కారులో నాలుగు గంటలు పడుతుందన్నావు కదా, వెళ్ళి తెచ్చుకో, రాత్రిపూట మాత్రం బయల్దేరకు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, ఇంకా రోహిణి కార్తె రానేలేదు. పెరట్లో కొబ్బరిచెట్టు కొట్టించేశాను, గాలొస్తే పిన్ని వాళ్ళ డాబా మీద పడేలా ఉంది. ఇవన్నీ ఫోన్‌లో చెప్పుకునే కబుర్లే, కానీ నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది.

మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ వస్తోంది. అమ్మ అదే చూసుకుని ‘వాడు బాగానే ఉన్నాడు’ అంటుంది గానీ పడుకునే ముందు ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటోంది.

మొన్న తణుకు పెళ్ళిలో చిన్నత్త నలుగురిలో అడిగింది, జెర్సీ సిటీ వదిలి ఎవరూ పేరు వినని ఊరికి ఎందుకెళ్ళాడురా, ఉద్యోగం గానీ పోయిందా అని. నేను అక్కడే చెప్పాను, ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న టల్సా చిన్న ఊరేం కాదు, ఒకప్పుడు చమురు రాజధాని అని పేరు, ఇంట్లోంచి పనిచేసుకునే వాళ్ళు వచ్చి ఏడాది ఉంటే 10,000 డాలర్లు ఇచ్చే పథకం 2018 నుంచి నడుస్తోంది, మావాడు దాంట్లో వెళ్ళాడు, వాళ్ళ కంపెనీ హెచ్‌1బీ ఉద్యోగ వీసాలో ఊరు మార్పుకి అమెండ్‌మెంట్ వేశాకే కదిలాడు అని. జెర్సీలో ఒక్క గదికి కట్టిన అద్దెతో అక్కడ రెండు పడగ్గదుల ఇల్లు తీసుకున్నాడని కూడా చెప్పాను. చిన్నత్త ఊరుకుంది. కానీ నాకే ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ వీసా మీద ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలంట కదా. ఆ లెక్క నువ్వు ఒక్కడివే వేసుకుంటూ కూర్చున్నావేమో అనిపించింది.

సరే, వేరే సంగతి. నీ ఊరు మ్యాప్‌లో చూశాను. ఊరి మధ్యలోంచి ఆర్కాన్సా నది పోతోంది, ఎగువన కీస్టోన్ డ్యామ్, దాని మీద కరెంటు కూడా తీస్తారు. ఫొటోల్లో ఇసుక తిన్నెలు చూస్తే మన గోదారి వేసవిలో ఉన్నట్టే ఉంది. సాయంత్రం పని అవగానే ఆ ఒడ్డున ఉన్న పెద్ద పార్కులో ఒక గంట నడువు. జెర్సీలో ఉన్నప్పుడు రైలెక్కడానికైనా చొక్కా మార్చుకుని బయటికి వెళ్ళేవాడివి, నలుగురు మనుషులు కనపడేవాళ్ళు. టల్సాలో ఎక్కడానికి రైలే లేదన్నావు. పక్కమీంచి లేచి నాలుగడుగులేస్తే ఆఫీసు. న్యూయార్క్ టైమ్ ప్రకారం పని కాబట్టి ఎనిమిదింటికే కూర్చుంటావు, టిఫిన్ తినవు, నాకు తెలుసు. పథకం వాళ్ళు నలుగురితో కూర్చుని పనిచేసుకునే చోటు ఇచ్చారని చెప్పావు. వారానికి రెండు రోజులైనా అక్కడికి వెళ్ళు. గుడి ఉందన్నావు, దేవుడి మీద నమ్మకం లేకపోయినా ప్రసాదానికి వెళ్ళు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తున్నాను. ఎందుకో తెలియాలంటే గోదారి లంకలో నేను పనిచేసిన కరెంటు సబ్‌స్టేషన్ సంగతి చెప్పాలి, అది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నా కాలు మీద మచ్చ చూసి చిన్నప్పుడు అడిగితే జారిపడ్డానన్నాను, అంతే.

అది 1991 శ్రావణం. నువ్వింకా పుట్టలేదు. రాత్రి షిఫ్టు. హెల్పర్ సెలవులో ఉన్నాడు. చుట్టూ చేలు, అరమైలు దాకా ఇల్లు లేదు. గంట గంటకీ ఫీడర్ల, అంటే ఊళ్ళకి కరెంటు వెళ్ళే లైన్ల, ఆంపియర్లు, వోల్టేజీ లాగ్‌షీటులో రాసి, పెద్ద స్టేషన్‌కి ఫోన్లో చదవాలి. అవతల రాసుకునేది అబ్బులు బాబాయి. ఏడాది పైగా రోజూ మాట్లాడుకున్నాం గానీ అప్పటికి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, గొంతులే తెలుసు. ఆ రాత్రి నాకు ఒళ్ళు కాలిపోతోంది. ఒంటిగంట రీడింగ్ చెప్పాక ఒక ఫీడర్ ట్రిప్పయి కరెంటు ఆగింది. బ్రేకర్ చూద్దామని టార్చి పట్టుకుని యార్డులోకి దిగాను. వాన. కంకర మీద కాలు జారి, మడమ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినపడింది. లేవలేను. లోపల ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. తడిసిన కంకరలో పడుకుని అది వింటూ ఉన్నాను. మూడున్నరకి గేటు దగ్గర సైకిల్ బెల్లు వినపడింది. షిఫ్టు వదిలి రాకూడదు, అయినా తన హెల్పర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ఏడు కిలోమీటర్లు వానలో తొక్కుకుంటూ వచ్చాడు. టార్చి నా మొహం మీద వేసి మొదట అన్న మాట, ‘రెండింటి రీడింగ్ నువ్వెప్పుడూ ఆపవు కదరా’ అని.

నీ టీమ్ వాళ్ళు నీ మొహం రోజూ స్క్రీన్ మీద చూస్తారు. కనపడకపోతే లీవులో ఉన్నావనుకుంటారు. నాకు భయం అక్కడే.

పైగా ఇది టోర్నడోల కాలం. 2013 మే 20న మీ ఓక్లహోమాలోనే మూర్ అనే ఊళ్ళో 24 మంది పోయారు, నేను చదివాను. హెచ్చరిక వస్తే కిటికీ దగ్గర నిలబడి ఫోటోలు తీయకు, కిటికీ లేని గదిలోకి పో, బూట్లు వేసుకునే పో. ఓసారి నువ్వు మాట్లాడుతుండగా సైరన్ మోగితే అమ్మ చేతిలో పాలగ్లాసు జారిపోయింది. నువ్వు నవ్వి, ప్రతి బుధవారం మధ్యాహ్నం 12కి పరీక్షకి మోగిస్తారు నాన్నా అన్నావు. మాకది రాత్రి పదిన్నర. అప్పట్నుంచి బుధవారం ఆ టైముకి గడియారం చూస్తూనే ఉన్నాను.

ఈ బుధవారం ఆ సైరన్ మోగగానే ఫోన్ చెయ్యి. ఎక్కువ మాటలు అక్కర్లేదు, రీడింగ్ చదివినట్టు చదివేయ్: తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, ఉద్యోగం ఉందా. లేకపోతే లేదని చెప్పు. అమ్మకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను, చిన్నత్త సంగతి కూడా నేనే చూసుకుంటాను.

పదింటికే పక్కలో చేరే అలవాటు నాది. బుధవారం మాత్రం వరండాలో కుర్చీ వేసుకుని ఉంటాను.

నాన్న