జెండా మోసిన చేత్తో హెడ్డింగ్ పెట్టొద్దు

సంపాదకులకు,

జర్నలిస్టులు రాజకీయాల్లో పాల్గొనవచ్చా అన్న చర్చ ఎప్పుడు మొదలైనా రెండు మాటల దగ్గరే చిక్కుకుంటుంది. "వాళ్లూ పౌరులే కదా" అంటారు ఒకరు. "కలం పట్టినవాడికి పార్టీ ఎందుకు" అంటారు ఇంకొకరు. రెండూ నిజమే కాబట్టి ఎటూ తేలదు. నాకైతే ముందు అడగాల్సింది ఒకటే అనిపిస్తుంది: ఆ మనిషి చేతి మీదుగా ఏ కాపీ, అంటే అచ్చుకు వెళ్లే ఏ వార్త, వెళ్తోంది?

విలేకరి ఊరేగింపులో నడిస్తే ఫొటోలో దొరికిపోతాడు. అందుకే నిబంధనలన్నీ అతని చుట్టూనే తిరుగుతాయి. పక్షపాతానికి ఎక్కువ వీలుండేది మాత్రం బైలైన్ (వార్త మీద రాసినవారి పేరు) లేని చోట. పేజీ వదలడానికి ఇరవై నిమిషాలుందనగా ఓ బహిరంగ సభ వార్త, వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే డెస్కుకు వస్తుంది. విలేకరి ఉన్నదున్నట్టు రాశాడు: మైదానం ముందు భాగం నిండింది, వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి మూడు హామీలు ఇచ్చాడు. ఈ కాపీలో ఒక్క అక్షరం మార్చకుండా 'కిక్కిరిసిన సభ' అనీ హెడ్డింగ్ పెట్టొచ్చు, 'ఖాళీ కుర్చీలకు హామీలు' అనీ పెట్టొచ్చు. వేదిక ముందు నుంచి దగ్గరగా తీసిన ఫొటో వేస్తే ఒక సభ, వెనక నుంచి తీసింది వేస్తే ఇంకో సభ. 'వెల్లడించారు' అంటే చెప్పిందంతా నిజమైపోతుంది, 'ఆరోపించారు' అంటే అనుమానం మొదలవుతుంది. 'అన్నారు' అంటే ఏ గొడవా లేదు, కానీ అది చాలామందికి చప్పగా అనిపిస్తుంది. ఇక అవతలి పక్షం వివరణను చివరి పేరాలోకి నెట్టారంటే, ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చి చోటు తగ్గినప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ పేరానే. దానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు, కాపీని కింది నుంచి కత్తిరించే అలవాటు చాలు.

ఈ సంగతి మరిచిపోతే మందు వికటిస్తుంది. అమెరికాలో టకోమా నగరపు 'న్యూస్ ట్రిబ్యూన్' విలేకరి శాండీ నెల్సన్, స్వలింగ సంపర్కులపై వివక్షను నిషేధించే స్థానిక చట్టం కోసం ప్రచారం చేశారు. 1990లో యాజమాన్యం ఆమెను విద్యా బీటు (విద్యారంగ వార్తలు రాసే బాధ్యత) నుంచి తప్పించి కాపీ డెస్కులో వేసింది. ఆమె కోర్టుకెళ్లారు. ఉద్యోగి రాజకీయ హక్కులను కాపాడే రాష్ట్ర చట్టం ఆమెకూ వర్తిస్తుందంటూనే, దాన్ని పత్రిక మీద అమలు చేస్తే పత్రికా స్వేచ్ఛకు భంగమని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. న్యాయం సంగతి అలా ఉంచితే, వృత్తిపరంగా ఆ బదిలీ నాకు అర్థం కాదు. పక్షపాతం గురించే భయమైతే, ఒక బీటు రాసే మనిషిని నలుగురి కాపీలు దిద్దే కుర్చీలో కూర్చోబెట్టడమేమిటి? పేపర్లో ఆమె పేరు కనపడకుండా పోయిందంతే.

1989 ఏప్రిల్‌లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగిన అబార్షన్ హక్కుల ప్రదర్శనలో 'న్యూయార్క్ టైమ్స్' విలేకరి లిండా గ్రీన్‌హౌస్ నడిచారు. ఆమె బీటు దేశ సుప్రీంకోర్టు. ఆ వివాదాలు తేలేది ఆ కోర్టులోనే కాబట్టి పత్రిక తప్పుపట్టింది, అది సబబే. మరీ అవతలి కొసకు వెళ్లినవారూ ఉన్నారు. 'వాషింగ్టన్ పోస్ట్' ఎడిటర్ లెనార్డ్ డౌనీ ఓటు వేయడమే మానుకున్నారు. అంత అవసరం లేదు. రహస్య ఓటు వల్ల ఏ కాపీకీ హాని జరగదు.

విరాళం అలా కాదు, దానికి రికార్డు ఉంటుంది. 2010లో అమెరికా టీవీ ఛానల్ ఎంఎస్ఎన్‌బీసీ వ్యాఖ్యాత కీత్ ఓల్బర్‌మన్ ముగ్గురు అభ్యర్థులకు తలా 2,400 డాలర్లు ఇచ్చినందుకు సస్పెండయ్యారు. ఆ సొమ్ముకు ఎన్నికల ఫలితం మారుతుందని ఎవరూ అనుకోరు. కానీ రేపు ఆ అభ్యర్థి స్టూడియోకు వస్తే అడిగే ప్రతి ప్రశ్న వెనకా ఆ చెక్కు కనిపిస్తుంది. వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది ఏ రికార్డుకూ ఎక్కని పని: అభ్యర్థికి ప్రసంగం రాసిపెట్టడం, పార్టీ సోషల్ మీడియా పేజీలు నడపడం, మ్యానిఫెస్టో దిద్దడం. ఇది డబ్బు తీసుకున్నా, ఊరికే చేసినా ఒకటే. రాజకీయ వార్త ముట్టుకునే ఎవరికీ దీనికి అనుమతి ఉండకూడదు.

మిగతావాటికి ఒక రిజిస్టరు చాలు. పార్టీ సభ్యత్వం, విరాళాలు, పోటీలో ఉన్న లేదా పార్టీ పదవిలో ఉన్న భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. ఉద్యోగంలో చేరిన రోజు రాయించి బీరువాలో పెడితే అది చచ్చిన కాగితం. ఏటా ఒకసారి, ఎన్నికలు ప్రకటించిన వారంలో మరోసారి రాయించాలి. ఎవరైనా ఒక వార్త నుంచి తప్పుకున్నారంటే రాయడం నుంచి మాత్రమే తప్పుకుంటే సరిపోదు. హెడ్డింగ్, ఫొటో, పేజీలో చోటు, మర్నాడు వచ్చే ఖండనను ఎంత వేయాలన్న నిర్ణయం, అన్నిటి నుంచీ తప్పుకోవాలి. తప్పుకున్నాయన డెస్క్ వాట్సాప్ గ్రూపులో కూర్చుని "హెడ్డింగ్ కాస్త ఘాటుగా ఉందేమో చూడండి" అన్నాడంటే తప్పుకోనట్టే లెక్క. ముగ్గురే ఉన్న ఆఫీసులో ఇది కుదరదంటారు. ఆ ఒక్క కాపీని మరో ఎడిషన్ డెస్కుకు పంపొచ్చు. అదీ కాకపోతే వార్త కింద ఒక వాక్యం వేయొచ్చు: 'ఈ అభ్యర్థి మా సబ్ ఎడిటర్ ఒకరికి సోదరుడు; ఈ వార్తను ఆయన చూడలేదు.'

పోటీ చేయాలనుకుంటే నిక్షేపంగా చేయొచ్చు. అయితే నామినేషన్ రోజున సెలవు పెడతానంటే ఆలస్యమైపోయినట్టే. టికెట్ కోసం తిరగడం మొదలైన రోజే కుర్చీ ఖాళీ చేయాలి. ఆ మధ్య నెలల్లోనే కదా తనకు పోటీ కాబోయేవాళ్ల వార్తలు తన చేతిలో ఉండేది! ఓడి తిరిగొస్తే క్రీడల పేజీనో, వ్యాపార పేజీనో చూసుకోవచ్చు. రాజకీయ డెస్కుకు మాత్రం తర్వాతి ఎన్నికలు అయ్యేదాకా దూరంగా ఉంచాలి.

ఇదంతా కింది ఉద్యోగికే అంటే నవ్వుతారు. బ్రిటన్‌లో జార్జ్ ఆస్బర్న్ ఎంపీగా ఉండగానే 2017లో 'ఈవెనింగ్ స్టాండర్డ్' ఎడిటర్‌గా నియమితులయ్యారు. ఏదైనా ఆఫీసులో విలేకరి చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకుంటే మెమో ఇచ్చి, యజమాని ఏకంగా పార్టీ వేదికెక్కితే మొదటి పేజీలో ఫొటో వేస్తే, ఆ నిబంధనను ఎవరు లెక్కచేస్తారు? పార్టీ పత్రిక నడపడం పాపమేమీ కాదు. తిలక్ 'కేసరి', గాంధీ 'యంగ్ ఇండియా' ఎవరి పక్షమో కొన్నవాడికి తెలుసు. పేచీ అంతా తటస్థమని బోర్డు పెట్టుకున్న పత్రికతోనే. అక్కడ రిజిస్టరులో మొదటి పేరు యజమానిది కావాలి.

చివరిగా కంట్రిబ్యూటర్ల, అంటే ఉద్యోగులు కాకుండా ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్ల మాట. జీతం లేకుండా, పార్టీల ప్రకటనలు తెచ్చి ఆ కమీషన్ మీద బతకమని చెప్పిన మనిషి చేత ఏ హామీపత్రం మీద సంతకం పెట్టించినా ప్రయోజనం లేదు. ముందు వార్తకు డబ్బివ్వాలి, ప్రకటనల పని వేరేవాళ్లకు అప్పగించాలి.

మీ పత్రికలో ఇలాంటి నిబంధనలు రాతపూర్వకంగా ఉంటే, అవి యాజమాన్యానికి ఎంతవరకు వర్తిస్తాయో కూడా కలిపి, ఇదే పేజీలో ప్రచురించగలరు.

ఇట్లు,
వార్తా డెస్కు పని తెలిసిన ఒక పాఠకుడు